జీడితోటలకు వెళ్లేముందే పెదవి పొక్కుల సంగతి చూసుకోండి

మార్చి వచ్చిందంటే మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపిక్కలు ఏరే పని మొదలవుతుంది. పెళ్లిళ్లు, ఊళ్లో అమ్మవారి సంబరాలు కూడా ఎండలతోపాటే వస్తాయి. పొద్దస్తమానం ఎండలో పని, చాలీచాలని నిద్ర, మధ్యలో ఒకసారి జ్వరం. పెదవి అంచున నీటిపొక్కులు గుత్తిగా లేవడానికి ఇవి చాలు. ‘ఏదో పురుగు పాకింది’, ‘ఒంట్లో వేడి చేసింది’ అని సరిపెట్టుకుంటాం. నిజానికి అది హెర్పీస్ సింప్లెక్స్ అనే వైరస్ పని.

ఆ పేరు వినగానే సిగ్గుపడొద్దు, ఇంట్లో ఎవరినీ అనుమానించొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్లలోపు వాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మందికి దీని మొదటి రకం సోకి ఉంది. చాలామందికి అది చిన్నతనంలోనే, పెద్దవాళ్లు ముద్దు పెట్టుకున్నప్పుడే అంటుకుంటుంది. ఒకసారి చేరాక ముఖానికి వచ్చే నరం మొదట్లో జీవితాంతం దాగి ఉంటుంది. ఎండ, జ్వరం, అలసట, దిగులు, కొందరు ఆడవాళ్లకు నెలసరి దాన్ని మళ్లీ లేపుతాయి. అందుకే తరచూ అదే చోట వస్తుంది.

పొక్కు కనిపించడానికి ఒక పూటో, ఒక రోజో ముందు అక్కడ చిమచిమలాడుతుంది, దురద పెడుతుంది. మందుకి సరైన సమయం అదే. 5 శాతం ఎసైక్లోవిర్ క్రీము అప్పుడే మొదలుపెట్టి రోజుకు 5 సార్లు చొప్పున 5 రోజులు రాస్తే కాస్త ముందుగా మానుతుంది. పక్కు కట్టాక రాస్తే పెద్దగా ఫలితం ఉండదు. ఏటా వచ్చేవాళ్లు ఎండలు ముదరకముందే ఒక ట్యూబు కొని ఇంట్లో ఉంచుకోండి. ఏ మందూ వాడకపోయినా మామూలుగా వారం పది రోజుల్లో మానిపోతుంది. సున్నం, టూత్‌పేస్టు రాసి ఆ లేత చర్మాన్ని కాల్చుకోవద్దు. మందుల షాపులో ‘ఎలర్జీ క్రీము’ అని ఇచ్చేవాటిలో చాలావాటిలో బెటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి స్టిరాయిడ్లు కలిసి ఉంటాయి. వాటితో వైరస్ ఇంకా పెచ్చుమీరుతుంది. ట్యూబు మీద పేరు చదివించుకున్నాకే డబ్బులివ్వండి.

పొక్కులు మరీ ఎక్కువగా, మాటిమాటికీ వస్తుంటే డాక్టర్లు మాత్రలు రాస్తారు. ఇక్కడ, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఎసైక్లోవిర్, వాలాసైక్లోవిర్ మాత్రలు ఒంట్లోంచి కిడ్నీల ద్వారానే బయటకు పోతాయి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు మోతాదు తగ్గించాలి. లేకపోతే మందు ఒంట్లోనే పేరుకుపోయి మత్తు, తికమక మాటలు, వణుకు వస్తాయి. పక్కింటివాళ్ల చీటీ చూపించి మాత్రలు కొనొద్దు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, అంటే మీ క్రియాటినిన్ రిపోర్టు, డాక్టరు ముందు పెట్టాకే మందు రాయించుకోండి. నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ జోలికి అసలు పోవద్దు, అవి కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు.

జీడిపిక్క తొక్కలోని రసం తగిలినా మూతి దగ్గర పొక్కుతుంది. అయితే అది రసం అంటిన వేళ్లమీద, చేతుల మీద కూడా కాలినట్టు కనిపిస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటదు. వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. నోటి లోపల తెల్లగా లేచే నోటిపూత కూడా వేరే, అదీ అంటువ్యాధి కాదు.

నెల నిండని పసిబిడ్డల విషయంలో మాత్రం చాలా కఠినంగా ఉండండి. వాళ్లకు ఈ వైరస్ సోకితే మెదడుకి, కాలేయానికి పాకి ప్రాణం మీదకు వస్తుంది. మన పురుడు 11వ రోజున, బారసాల 21వ రోజున. చుట్టాలందరూ బిడ్డను ఎత్తుకుని ముద్దాడేది సరిగ్గా ఆ నెలలోనే. పెదవి మీద పొక్కు ఉన్నవాళ్లు, మేనత్తయినా అమ్మమ్మయినా, బిడ్డను ముద్దు పెట్టుకోకూడదు. తల్లికే వస్తే మూతికి గుడ్డ కట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వొచ్చు. రొమ్ము మీద పొక్కులుంటే ఆ వైపు పాలు ఇవ్వకూడదు. బిడ్డ పాలు తాగకపోయినా, మత్తుగా పడి ఉన్నా, ఒళ్లు కాలినా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

పొక్కు పూర్తిగా మానేదాకా తువ్వాలు, గ్లాసు, లిప్‌స్టిక్ ఎవరివి వాళ్లకే. ఒకరు కాల్చిన చుట్ట, బీడీ ఇంకొకరు అందుకోవద్దు. క్రీము రాసిన వేలు కంటికి తగలనివ్వద్దు. కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతే సొంతంగా చుక్కలు వేసుకోకుండా కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి, చూపుకే ప్రమాదం. తోటకు వెళ్లేటప్పుడు తలకు తువ్వాలు, పెదవులకు ఎండను అడ్డుకునే ఎస్‌పీఎఫ్ 30 ఉన్న లిప్ బామ్ పెట్టుకోండి. పొద్దున్నే పని మొదలుపెట్టి పదింటికల్లా నీడకు చేరగలిగితే ఇంకా మంచిది.

మన పల్లెల్లో అడ్డపొగ తాగే అమ్మమ్మల నోట్లో పుండు పడితే మాత్రం దాన్ని ఈ పొక్కుల లెక్కన చూడొద్దు. నిప్పు నోటి లోపల పెట్టుకుని కాల్చే అలవాటు వల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుంది. పెదవి మీదైనా అంగిట్లోనైనా రెండు మూడు వారాలు దాటినా మానని పుండు, నొప్పి లేకపోయినా సరే, శ్రీకాకుళం రిమ్స్‌లోనో విజయనగరం ప్రభుత్వాసుపత్రిలోనో చూపించండి. పిక్కల పని అయ్యాక చూద్దామని ఆగొద్దు.