తెల్ల గిత్త బూడిద రంగులో వస్తోందా? ఫొటో తీసేటప్పుడే దిద్దుకోవాల్సిన లోపాలు

ఎడిటింగ్‌లో వెలుతురు కాస్త పెంచుకోవచ్చు, రంగు కాస్త మార్చుకోవచ్చు. కానీ తెల్లగా మాడిపోయిన చోట వివరం తిరిగి రాదు, కదిలిపోయిన ముఖం షార్ప్‌గా మారదు. అందుకే లోపం ఎక్కడ పుడుతుందో అక్కడే పట్టుకోవాలి.

సమస్య: ఒంగోలు గిత్త తెల్లగా కాకుండా మాసినట్టు వస్తోంది

కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌కు ఎదురుగా ఉన్నది గిత్తో గోడో తెలియదు. ఏది చూసినా మధ్యరకం బూడిద రంగు అనుకునే లెక్క కడుతుంది. ఫ్రేమ్ నిండా తెల్లటి ఒళ్ళు కనిపిస్తే వెలుతురు ఎక్కువైందని తగ్గించేస్తుంది. చీమకుర్తి నల్ల గ్రానైట్ దగ్గర ఇదే తిరగబడుతుంది. రాయి పాలిపోయి, అందులో మెరిసే చుక్కలు కలిసిపోతాయి.

ప్లస్-మైనస్ గుర్తున్న ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ బటన్ ఇందుకే ఉంది. గిత్త ఫ్రేమ్ నిండా ఉంటే +0.7 నుంచి +1.3 వరకు పెంచండి. నల్లరాయికి -1తో మొదలుపెట్టండి. ఫోన్‌లో అయితే గిత్త మీద వేలు నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరపండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గిత్త ఎండలో దూరంగా, చిన్నగా ఉండి, వెనక నీడపట్టు చెట్లు పెద్దగా ఉంటే మీటర్ ఆ చీకటిని చూసి వెలుతురు పెంచుతుంది. అప్పుడు మూపురం తెల్లగా మాడిపోతుంది. ఆ సందర్భంలో -0.7 నుంచి -1 పెట్టాలి. అంటే తెలుపు కనబడితే ప్లస్ అని బట్టీ పడితే కుదరదు, ఫ్రేమ్‌లో ఎక్కువ చోటు దేనిదో చూడాలి. మెనూలో హైలైట్ వార్నింగ్ ఆన్ చేసుకోండి. ఫొటోలో మాడిన భాగం మిణుకుమిణుకుమంటుంది. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుతురు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) కుడి అంచుకు గుద్దుకుని తెగినట్టుంటే కూడా అదే అర్థం. మిట్టమధ్యాహ్నం స్క్రీన్ చూసి వెలుతురు అంచనా వేయడం మాత్రం ప్రమాదం, ఎండలో ప్రతి ఫొటో చీకటిగానే కనిపిస్తుంది.

పని అయ్యాక ఆ అంకెను మళ్ళీ సున్నాకు తేవాలి. మాన్యువల్ మోడ్‌లో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) కూడా మీరే పెట్టి ఉంటే చాలా కెమెరాల్లో ఈ బటన్ ఫొటోను మార్చదు, షట్టర్ వేగమో ఐఎస్ఓనో మీరే మార్చాలి.

సమస్య: బండలాగుడు పందెం ఫొటోలు మసకగా ఉన్నాయి

ముందు ఫొటోను పూర్తిగా జూమ్ చేసి చూడండి, మసకలో మూడు రకాలున్నాయి. అన్నీ ఒకే దిక్కుకు సాగినట్టుంటే చేయి కదిలింది. నేల, జనం బాగుండి ఎద్దుల కాళ్ళు మాత్రమే చెదిరితే షట్టర్ నెమ్మది. ఎద్దులు మసకై వెనక జనం షార్ప్‌గా ఉంటే ఫోకస్ తప్పింది.

చేతి కదలికకు లెక్క సులువు. చిన్న సెన్సార్ (ఏపీఎస్-సి) కెమెరాలో 200 ఎంఎం లెన్స్ వాడితే షట్టర్ వేగం 1/320 సెకను కన్నా నెమ్మదిగా ఉండకూడదు. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉన్నా అది మీ చేతిని ఆపుతుంది గానీ ఎద్దును ఆపదు. ఎద్దులకు కనీసం 1/500, ఎగిరే దుమ్ము, చర్నాకోల కూడా ఆగినట్టు రావాలంటే 1/1000. షట్టర్ వేగాన్ని మీరే ఎంచుకునే మోడ్ (నికాన్‌లో ఎస్, కెనాన్‌లో టీవీ అని ఉంటుంది) పెట్టి, ఆటో ఐఎస్ఓకు 3200 హద్దు ఇవ్వండి. మంచి ఎండలో లెన్స్ రంధ్రం (అపెర్చర్) ఎఫ్/5.6 దగ్గర ఐఎస్ఓ 200తోనే 1/1000 వచ్చేస్తుంది.

ఫోకస్ తప్పితే, కదిలేదాన్ని వెంటాడే కంటిన్యువస్ ఫోకస్ మోడ్‌కు మార్చండి, కెనాన్‌లో దాన్నే సర్వో అంటారు. ఒక్క ఫోకస్ పాయింట్ ఎంచుకుని మీకు దగ్గరగా ఉన్న ఎద్దు కంటి మీద పెట్టండి. అన్ని పాయింట్లూ కెమెరాకే వదిలేస్తే తాళ్ళనో మనుషుల చొక్కాలనో పట్టుకుంటుంది.

సమస్య: మైపాడు బీచ్‌లో ముఖాలు నల్లగా వస్తున్నాయి

మన తీరంలో సూర్యుడు సముద్రం మీద ఉదయిస్తాడు. పొద్దున సముద్రం వెనక ఉండేలా నిలబెడితే ఎదురు వెలుతురే. సాయంత్రం రండి, ఎండ ఊరి వైపు నుంచి పడుతుంది, ముఖమూ నీళ్ళూ రెండూ వెలుగుతాయి. పొద్దునే తీయాలంటే మీరు సముద్రం వైపు వీపు పెట్టి, పడవలు, వలలు నేపథ్యంగా తీయండి. కొత్తపట్నంలోనూ ఇదే.

ఫొటో అంతా పాలు కలిపినట్టుంటే ఏసీ కారులోంచి దిగగానే లెన్స్‌కు ఆవిరి పట్టింది. కెమెరాను బ్యాగులోనే మూసి ఉంచి 20-30 నిమిషాలు ఆగండి. ఉప్పు తుంపర పడితే చొక్కాతో రుద్దొద్దు. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి.

సమస్య: నెల్లూరు రంగనాథస్వామి గుడి గోపురం వెనక్కి వాలినట్టుంది

కెమెరాను పైకి ఎత్తినప్పుడల్లా నిలువు గీతలు పైన దగ్గరపడతాయి. వెనక్కి నడవండి, జూమ్ పెంచండి, కెమెరాను నిటారుగా ఉంచండి. ఎదురుగా మేడ మీద చోటు దొరికితే ఇంకా మేలు. ఎడిటింగ్‌లో నిలబెడితే అంచులు తెగి, కలశాలకు చోటు మిగలదు.

సమస్య: రొట్టెల పండుగ రాత్రి ఫొటోల్లో అడ్డ చారలు

కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి స్వర్ణాల చెరువు దగ్గర వెలిగే దీపాల్లో చాలావరకు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే చారలు పోతాయి. సైలెంట్ (చప్పుడు చేయని ఎలక్ట్రానిక్) షట్టర్ వాడొద్దు. పసుపు ఎక్కువైతే రంగును సరిదిద్దే వైట్ బ్యాలెన్స్‌లో ఆటో వదిలి 3200 కెల్విన్ దగ్గర మొదలుపెట్టి సరిచూసుకోండి. చుక్కల గరుకు వస్తుందని ఐఎస్ఓ తగ్గించి చీకటిగా తీయకండి. ఐఎస్ఓ 3200లో సరైన వెలుతురుతో తీసిన ఫొటో, 800లో చీకటిగా తీసి తర్వాత వెలుతురు ఎత్తిన జేపెగ్ కన్నా శుభ్రంగా ఉంటుంది.