పాస్‌పోర్ట్ ఫారంలో సర్‌నేమ్ గడి దగ్గర ఆగిపోయారా?

కొత్త పాస్‌పోర్టుకి ఆన్‌లైన్‌లో అప్లై చేయడం కష్టమేం కాదు, ఆ ఫారం ప్రశ్నలు అడిగే తీరుతోనే తంటా. పాస్‌పోర్ట్ సేవా సైట్‌లో రిజిస్టర్ అవ్వండి, కాకపోతే అడ్రస్ చివర డాట్ జీఓవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి, అచ్చం అలాగే కనిపించే నకిలీ సైట్లు ఉన్నాయి. లాగిన్ అయ్యాక ఫ్రెష్ పాస్‌పోర్ట్ ఎంచుకుంటే ఫారం తెరుచుకుంటుంది.

అసలు చిక్కు మొదటి పేజీలోనే. గివెన్ నేమ్, సర్‌నేమ్ అని రెండు గడులు. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో చాలామందికి ఒట్టి ఇనీషియలే ఉంటుంది, ఇక్కడేమో ఇనీషియల్స్ కుదరవు, పూర్తిగా విప్పి రాయాలి. సర్‌నేమ్ అంటే ఇంటిపేరే, అది ముందున్నా వెనకున్నా సరే. మిగతాదంతా, వెంకట సత్యనారాయణ అంత పొడుగున్నా, గివెన్ నేమ్‌లోకే వెళ్తుంది. ఎందుకొచ్చిన గొడవలే అని కొందరు పేరు మొత్తం గివెన్ నేమ్‌లో కుక్కేసి సర్‌నేమ్ ఖాళీగా వదిలేస్తారు. ఫారం కిక్కురుమనదు! దెబ్బ తర్వాత తెలుస్తుంది: విజిట్ వీసాకి ఒకే పేరున్న పాస్‌పోర్టుల్ని ఒప్పుకోబోమని యూఏఈ 2022 నవంబర్‌లో ప్రకటించింది, అమెరికా వీసాలోనేమో ఉన్న పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. ఆధార్‌లో, మెమోలో పేరు వేరువేరుగా ఉంటే ముందు ఆధార్ సరిచేయించుకుని తర్వాతే ఇటు రండి.

ఇంకోటి, మీరు నాన్-ఈసీఆర్‌కి అర్హులా అనే ప్రశ్న. ఈసీఆర్ అంటే ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే కొన్ని దేశాలకి ఉద్యోగానికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలని. అది అక్కడ విప్పి చెప్పకుండా, పైగా దానికి ముందో 'నాన్' తగిలించి అడిగితే ఎవరికైనా బుర్ర తిరుగుతుంది. పది పాసైతే అవును అని పెట్టండి, అంతే. తెలియక కాదు అని పెడితే, గల్ఫ్‌కి ఉద్యోగానికి వెళ్లేటప్పుడు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలంటారు. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ వైపు వాళ్లకి ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నా.

అడ్రస్ పేజీలో పోలీస్ స్టేషన్ పేరు లిస్టులోంచి ఎంచుకోమంటుంది. జన్మలో స్టేషన్ గడప తొక్కనివాళ్లకి తమ ఇల్లు ఏ స్టేషన్ కిందకొస్తుందో ఎలా తెలుస్తుందండీ? దగ్గర్లో ఉన్నదే మనది అనుకోవద్దు, హద్దులు వేరేగా ఉండొచ్చు, ముందే కనుక్కోండి. వెరిఫికేషన్ ఆ స్టేషన్‌కే వెళ్తుంది మరి. పేజీ పేజీకీ సేవ్ చేసుకుంటూ పోండి, మధ్యలో టీకి లేచి వచ్చేసరికి లాగౌట్ అయిపోతే మళ్లీ మొదటికే.

సబ్మిట్ చేశాక ఫీజు. పెద్దవాళ్లకి 36 పేజీల బుక్‌లెట్‌కి 1500 రూపాయలు, తత్కాల్ అయితే పైన ఇంకో 2000. ఫీజు కట్టి, అపాయింట్‌మెంట్ తీసుకుని, ఆ రోజు ఒరిజినల్స్‌తో పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లండి.

కేంద్రంలో మొదటి కౌంటర్ దగ్గర మీ వివరాలు స్క్రీన్ మీద చూపిస్తారు. వెనక క్యూ ఉందని మొహమాటపడి ఓకే అనేయకండి. అమ్మ పేరు స్పెల్లింగ్‌తో సహా అక్షరం అక్షరం చదవండి, తప్పుంటే అప్పుడే చెప్పి దిద్దించుకోండి, బుక్‌లెట్ అచ్చయ్యాక దిద్దాలంటే రీఇష్యూ ఫారం నింపాలి, అందులోనూ ఇవే గడులు.