బ్యాగు గుడ్డ: మందం ఎక్కడ కావాలి?

విజయనగరం బజారులో బడి బ్యాగు కొనేవారు ముందు గుడ్డను నలిపి చూస్తారు. మందంగా ఉంటే మన్నుతుందని నమ్మకం. అది సగమే నిజం. లేబుల్ మీద డెనియర్ అంకె ఉంటే చూడండి. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క అది. 1000 డెనియర్ గుడ్డ రాపిడికి బాగా ఆగుతుంది, కానీ ఖాళీ బ్యాగే బరువెక్కుతుంది. పిల్లల ఒంటి బరువులో పదో వంతుకు మించి బడి సంచి ఉండకూడదని 2020 నాటి కేంద్ర విధానం చెబుతోంది. అందులో గుడ్డకే ఎక్కువ వాటా ఎందుకు?

బస్సులో, బడి గచ్చు మీద అరిగేది అడుగు భాగమే. అక్కడ మందపాటి గుడ్డ, పైన 400–500 డెనియర్ నైలాన్ ఉంటే చాలు. అదే డెనియర్‌లో పాలిస్టర్ కంటే నైలాన్ గట్టిది, ఎండకు మాత్రం పాలిస్టరే మేలు.

ఇంతకీ చాలా బ్యాగులు గుడ్డ చిరిగి పోవు, పట్టీల దగ్గర కుట్లు ఊడి పోతాయి. దుకాణదారు విసుక్కున్నా సరే, లోపలివైపు తిప్పి చూడండి. పట్టీ మొదట్లో ఒకే వరుస కుట్టు ఉంటే, గుడ్డ ఎంత మందమైనా ఆ బ్యాగు పక్కన పెట్టేయండి.