చర్చిలో పాటను మింగేయకుండా వాయించడం ఎలా నేర్పాలి

ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు) వాయించే తమ్ముడిని "కాస్త తగ్గించు" అంటే వాల్యూమ్ తగ్గిస్తాడు, వేసే దెబ్బలు మాత్రం అన్నే ఉంటాయి. అందుకే నేను మాటలతో మొదలుపెట్టను. ఆదివారం ఆరాధనలో ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి వెనక వరుసలో, పెద్దవాళ్ళు కూర్చునే చోట పెడతాను. ప్రాక్టీసు రోజు వాడొక్కడికే వినిపిస్తాను, అందరి ముందూ అస్సలు వద్దు. ఒక అబ్బాయి చరణంలో ప్రతి లైను చివరా రోల్ (గబగబా వరస దెబ్బలు) వేసేవాడు, అది అయ్యేదాకా సంఘం తర్వాతి లైను ఎత్తుకోలేక తడబడేది. రెండోసారి వినగానే వాడే అన్నాడు, "అన్నా, వాళ్ళు నా కోసం ఆగుతున్నారు" అని.

తర్వాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. కీర్తన పైన రాగం, తాళం వేసే ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) కీర్తనలు రాసిన రోజుల్లో ఈ కీబోర్డులు, ప్యాడ్లు ఎక్కడివి? గొంతు, తాళం, అంతే. కాబట్టి వాయిద్యం ముట్టుకోనివ్వకుండా, ఆది తాళమైతే ఎనిమిది అక్షరాలూ (లెక్కలు) చేత్తో వేస్తూ వాడి చేత పాడించండి. పాడితేనే ఊపిరి ఎక్కడ తీసుకుంటారో తెలుస్తుంది. చరణం నుంచి పల్లవికి వచ్చే చోట ఒక్క ఫిల్ (ఖాళీని నింపే చిన్న దెబ్బల వరస) చాలు.

కీబోర్డు అబ్బాయికి ఇంకో మాట. కీబోర్డు తనంతట తానే వాయించే స్టైల్‌లో బేస్ మోగుతూ, పక్కన బేస్ గిటార్ మోగుతూ, ఎడమ చేత్తో కూడా కింది నోట్లే నొక్కితే అంతా బురదలా కలిసిపోతుంది. బేస్ గిటార్ ఉన్న రోజు స్టైల్‌లో బేస్ ఆపేయమనండి. జనం పాడుతుంటే కుడిచేత్తో ట్యూన్ మొత్తం వాయించక్కర్లేదు, కొత్త పాటకైతే మొదటి రెండు వారాలు సాయంగా ఉంటుంది. ఎవరూ పాడని, వాయిద్యాలే మోగే బిట్‌లో మాత్రం వాడిని మనసు తీరా వాయించనివ్వండి. అక్కడ కూడా కట్టేస్తే మనసు విరిగి రావడం మానేస్తాడు, అలా ఇద్దరిని పోగొట్టుకున్నాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అన్నిటికన్నా కష్టం చేతులు తీసేయడం. అయ్యగారు (పాస్టర్) ప్రార్థన చేస్తుంటే స్ట్రింగ్స్ (వయొలిన్ల లాంటి శబ్దం)లో రెండు నోట్లు పట్టుకుంటే చాలు, ప్రభుబల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే వేళ) దగ్గర అదీ వద్దు. మొదటి చరణం ప్యాడ్స్ లేకుండా వదిలేయమంటే వాడికి టెన్షన్, ఖాళీగా కూర్చుంటే అందరూ తననే చూస్తున్నారనిపిస్తుంది. ఆ వారం మీరే వెళ్ళి వాడి పక్కన కూర్చోండి, ఇద్దరూ కలిసి ఆ చరణం పాడండి, రెండో చరణానికి తలూపి సైగ చేయండి.