మీనామృతం పోసినా మొక్క పచ్చబడటం లేదా? ముందు వేళ్లు చూడండి

రామ్‌నగర్ మార్కెట్ నుంచి చేపల వ్యర్థాలు తెచ్చి, సమానంగా బెల్లం కలిపి, ఓపిగ్గా మురగబెట్టి మరీ పోస్తాం. అయినా మిద్దె మీద టమాటా పాలిపోయే ఉంటుంది. టెన్షన్‌తో డోసు రెట్టింపు చేస్తాం. మీనామృతంలోని అమైనో ఆమ్లాలు (చేప ప్రోటీన్ విడిపోగా వచ్చే చిన్న ముక్కలు) వేరు కణంలోకి వాటంతట అవి జారిపోవు కాబట్టి, డోసు పెంచితే పని జరగదు.

కణం పొరలో ప్రోటాన్ పంపు ఉంటుంది. అది కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువును ఖర్చుపెట్టి ప్రోటాన్లను (హైడ్రోజన్ అయాన్లను) బయటికి తోస్తుంది. అవి తిరిగి లోపలికి వస్తూ, రవాణా ప్రోటీన్ గుండా ఒక అమైనో ఆమ్లాన్ని వెంటబెట్టుకొస్తాయి. శాస్త్రవేత్తలు పరిశోధనలకు ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క వేళ్లలో ఎల్‌హెచ్‌టీ1, ఏఏపీ1, ఏఏపీ5 ఇలాంటి ప్రోటీన్లే. లైసిన్, ఆర్జినిన్‌లను తీసుకోవడంలో ఏఏపీ5ది ముఖ్య పాత్ర.

మట్టి తడిగా ఉన్నా ఆకులు వాడిపోతున్నాయా?
వేళ్లకు గాలి అందడం లేదు. ఆక్సిజన్ లేకపోతే ఏటీపీ పడిపోతుంది, పంపు నీరసిస్తుంది. ఇక మీనామృతం ఎంత పోసినా వేళ్లలోకి సరిగ్గా వెళ్లదు. మా వంకాయ కుండీ ఇలాగే అయితే అడుగు రంధ్రంలో చువ్వ పెట్టి చూశాను. నల్లటి జిగురు వేళ్లు అడ్డుపడి ఉన్నాయి, మురుగు కంపు. కుళ్లిన వేళ్లు కత్తిరించి, కొబ్బరి పొట్టు, ఇసుక కలిపిన మట్టిలోకి మార్చండి. పై అంగుళం మట్టి ఆరాకే నీళ్లు పోయండి.

కుండీ అంచున తెల్లటి పొర కడుతోందా?
బోరు నీళ్ల పని అది. ఆ నీళ్లలోని బైకార్బనేట్లు పంపు బయటికి తోసిన ప్రోటాన్లను తటస్థం చేసేస్తాయి, లోపలికి తోసే ఒత్తిడి తగ్గుతుంది. పీహెచ్ స్ట్రిప్ ముంచి చూడండి. 8 దగ్గరుంటే మంజీర నీళ్లో, వాన నీళ్లో కలపండి. అవి దొరక్కపోతే నిమ్మరసం చుక్కలు వేస్తూ 6.5కి తీసుకురండి.

లేత ఆకులే పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయా?
కరివేపాకులో తరచూ కనిపించేదే. ఇది ఐరన్ లోపం, అమైనో ఆమ్లాలతో సంబంధం లేదు. క్షార మట్టిలోనూ నిలిచే ఈడీడీహెచ్ఏ ఐరన్ (ఐరన్‌ను పట్టి ఉంచే పదార్థంతో కలిపిన ఎరువు) ఇవ్వండి.

స్ప్రే చేస్తే ఆకు మీద మచ్చలే మిగులుతున్నాయా?
ఎండకు ద్రావణం నిమిషాల్లో ఆరిపోయింది. మైనపు పొర దాటాలంటే తడి కాసేపు నిలవాలి. సాయంత్రం, ఆకు అడుగున పిచికారీ చేయండి. లీటరుకు 2 మి.లీ. చాలు.

మట్టిలో పోసింది మాత్రం చాలావరకు గంటల్లోనే సూక్ష్మజీవులు తినేస్తాయి. అందులోని నత్రజని తర్వాత అమ్మోనియం, నైట్రేట్‌గా వేళ్లకు చేరుతుంది. అది నష్టం కాదు, ఆలస్యమే. కుండీ మార్చిన మొక్కకైతే తెల్లటి కొత్త వేరు కొసలు కనిపించేదాకా మీనామృతం ఆపండి.