పాత వీటెక్ కారుకు మారు ఇంజిన్ ఎంచుకోవడం

విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇంజిన్లకు కొదవ లేదు. కానీ మన దేశంలో వచ్చిన తొలితరం హోండా సిటీ 1.5 వీటెక్ (ఇంజిన్ వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే తీరును మార్చే హోండా పద్ధతి) వంటి కారుకు దొరికిన ఇంజిన్ బిగించేస్తే దాని సొగసే పోతుంది. అదే రకం ఇంజిన్ వెతకడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే పెద్దది ఎక్కిస్తే మౌంటింగులు (ఇంజిన్‌ను పట్టి ఉంచే దిమ్మెలు), వైరింగు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్), చివరకు బ్రేకులు కూడా మార్చవలసి రావచ్చు.

వాల్వ్ కవరు (ఇంజిన్ పైమూత) మీది ‘వీటెక్’ అక్షరాలను నమ్మవద్దు, కవరు ఎవరైనా మార్చగలరు. సిలిండర్ హెడ్డుకు వీటెక్ సొలెనాయిడ్ (ఆయిల్ దారిని తెరిచి మూసే విద్యుత్ వాల్వు) ఉన్నదో లేదో తడిమి చూడండి. ఆయిల్ మూత అడుగున మీగడలాంటి తెల్లని జిడ్డు కనిపిస్తే ఆయిల్‌లో నీరు కలిసి ఉండవచ్చు. అలాంటిది ఎంత చౌకగా ఇచ్చినా వదిలేయండి. ప్లగ్గులు నాలుగూ తీయించి, థ్రాటిల్ (గాలి లోపలికి వెళ్లే ద్వారం) పూర్తిగా తెరిచి కంప్రెషన్ (సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) కొలిపించండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా సుమారు 10 శాతం దాటకూడదు. ఒకటి తగ్గితే అందులో కాస్త ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయని, పెరగకపోతే లోపం వాల్వుల్లోనో గాస్కెట్‌లోనో ఉందని అనుకోవచ్చు.

ఇంజిన్ బయట ఉండగానే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, ఆయిల్ సీళ్లు కొత్తవి వేయించండి. బిల్లుపై ఇంజిన్ నంబరు రాయించుకోండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం మార్చిన 14 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలిపి ఆర్సీలో నమోదు చేయించాలి.