షుగర్ బిళ్లల పక్కన ఆకు పొడి చేరితే

నేను ఫార్మసిస్టుని. బీపీ, షుగర్, థైరాయిడ్ అంటూ ఏళ్ల తరబడి మందులు వాడేవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. ఏమేం వాడుతున్నారని అడిగితే బిళ్లల పేర్లు గబగబా చెప్పేస్తారు. "పొడులు, కషాయాలు ఏమన్నా?" అంటే మాత్రం "అబ్బే, అవి మందులు కావుగా" అంటారు. నా గొడవంతా అక్కడే.

మూలికలు పనిచేయవని నేననను. ఇసబ్గోల్ చెడు కొలెస్ట్రాల్‌ని కొంత తగ్గిస్తుంది. మోకాళ్ల అరుగుదల నొప్పి పసుపు సారంతో కొందరికి నెమ్మదిస్తుంది. కాకపోతే, ఒంట్లో పనిచేసేది ఏదైనా పక్కనున్న మందుతో పేచీ పెట్టుకోగలదు.

ఒక పెద్దాయన గ్లిమెపిరైడ్ అనే షుగర్ బిళ్ల వేసుకుంటూనే పొడపత్రి పొడి మొదలుపెట్టారు. భోజనం వేళకి చేతులు వణకడం, చెమటలు. షుగర్ పెరిగిందేమోనని ఇంకో చెంచా పొడి ఎక్కువ వేసుకున్నారు! మీటర్‌లో చూస్తే 58, అంటే షుగర్ బాగా పడిపోయింది. బిళ్ల, పొడి రెండూ షుగర్‌ని తగ్గించేవే మరి.

అందుకే మొదలుపెట్టకముందే బిళ్లల స్ట్రిప్పులు, పొడి డబ్బా ఒకే కవర్లో వేసుకుని డాక్టర్‌కి చూపించండి. పేరు నోటితో చెప్తే సరిపోదు. డబ్బా మీద మొక్క పేరు, వాడిన భాగం, మోతాదు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. "రహస్య మూలికల మిశ్రమం" అని ఉందా, పక్కన పెట్టేయండి. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపి పట్టుబడ్డవి ఉన్నాయి. నొప్పి రాత్రికి రాత్రే మాయమైతే నాకైతే ముందు అనుమానమే వస్తుంది. అమెరికాలో 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఇంటర్నెట్‌లో కొన్న ఆయుర్వేద మందుల్లో ఐదింట ఒకదానిలో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో దొరికింది.

డాక్టర్ సరేనంటే, ఒకసారికి ఒక్కటే, తక్కువ మోతాదుతో మొదలుపెట్టండి. మొదలుపెట్టిన తేదీ రాసుకోండి. షుగర్, బీపీ మామూలుకన్నా తరచుగా చూసుకోండి. రీడింగ్ బాగుందని డాక్టర్ బిళ్లల్ని మీరే ఆపేయొద్దు, ముఖ్యంగా ఇన్సులిన్.

కొన్ని జతలు గుర్తుంచుకోవాలి. అతిమధురం రోజూ వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చు కాబట్టి థైరాయిడ్ బిళ్ల వాడేవాళ్లు జాగ్రత్త. డిప్రెషన్‌కి వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక మరీ మొండిది. కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్ని ఎక్కువ చేసి, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, గర్భనిరోధక మాత్రలు, మార్పిడి చేసిన అవయవాన్ని కాపాడే సైక్లోస్పోరిన్ లాంటి వాటి పని తగ్గించేస్తుంది. డిప్రెషన్ బిళ్లలతో కలిపితే ఇంకా ప్రమాదం. ఇసబ్గోల్‌ని నిండు గ్లాసు నీళ్లతో తాగండి. మిగతా బిళ్లలకీ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి.

కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఆకలి చచ్చిపోవడం, ఒళ్లంతా దురద కనిపిస్తే పొడి ఆపేసి వెంటనే కాలేయం పరీక్ష చేయించుకోండి. అశ్వగంధ, పసుపు సారం, తిప్పతీగ వాడినవాళ్లలోనూ అరుదుగా కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ చెప్పకుండా ఏ మూలికా ముట్టుకోవద్దు.

ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌కి కనీసం రెండు వారాల ముందే చెప్పండి. జింకో అనే చెట్టు ఆకుల సారం, వెల్లుల్లి క్యాప్సూల్స్ లాంటివి రక్తస్రావాన్ని పెంచవచ్చు, ఏది ఎప్పుడు ఆపాలో ఆయనే చెప్తారు.